కప్ప స్తంభం దగ్గర ఇద్దరూ, డాక్టరు దగ్గర ఒక్కరే

సింహాచలం గుడిలో కప్ప స్తంభం దగ్గర తరచూ కొత్త జంటలు కనిపిస్తాయి. ఆ స్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటే కడుపు పండుతుందని ఉత్తరాంధ్రలో తరాలుగా ఉన్న నమ్మకం. పెళ్లయి రెండేళ్లు దాటి, "ఏమైనా విశేషమా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యాక విశాఖ చుట్టుపక్కల చాలామంది దంపతులు ఒకసారైనా ఆ కొండ ఎక్కుతారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా అక్కడి పద్ధతి ఒకటి మాత్రం బాగుంటుంది. మొక్కు ఇద్దరిదీ. భార్యను లోపలికి పంపి భర్త కింద టీ కొట్టు దగ్గర కూర్చోడు.

కొండ దిగి ఆసుపత్రి దాకా వచ్చేసరికి లెక్క మారిపోతుంది. మొదట వెళ్లేది ఆమె. పక్కన తల్లో, అత్తగారో. రక్తపరీక్షలు, థైరాయిడ్, స్కానింగు, అండం ఎంత పెరిగిందో రోజు విడిచి రోజు చూసే ఫాలిక్యులర్ స్టడీ, ఆ తర్వాత గొట్టాల (అండవాహికల) పరీక్ష. ఏడాది తిరిగేసరికి ఆమె ఫైలు దళసరి అవుతుంది. అందులో భర్త పేరు 'వైఫ్ ఆఫ్' అన్న చోట తప్ప ఇంకెక్కడా ఉండదు. నిజానికి అతను చేయించుకోవాల్సిన మొదటి పరీక్ష వీర్యపరీక్ష. అది అన్నిటికన్నా తేలిక, చవక. సూది గుచ్చే పని కూడా లేదు. చాలా ఇళ్లలో అదే చిట్టచివరకు జరుగుతుంది.

భాషలోనే ఈ తిరకాసు ఉంది. పిల్లలు లేని ఆడమనిషిని పొడవడానికి తెలుగులో 'గొడ్రాలు' అనే మాట సిద్ధంగా ఉంది. మగవాడిని అంతే పదునుగా పొడిచే మాట వాడుకలో లేదు. శరీరధర్మం మాత్రం ఈ పక్షపాతం చూపించదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు సమస్య ఉంటుంది. కొన్నిసార్లు అదొక్కటే, కొన్నిసార్లు ఆడవారి సమస్యతో కలిసి. ఏ అడ్డూ పెట్టుకోకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితిని చూస్తారు. అంటే ఒక అపార్ట్‌మెంటులో అంతస్తుకి ఒకరైనా ఉంటారు. బయటికి చెప్పరు, అంతే.

జీవనశైలి వల్లే ఇదంతా అని చెప్పడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. అందులో నిజం ఎంత, ఎవరిలో ఎంత అన్నది తేలాలంటే ముందు రెండు గడియారాల గురించి తెలియాలి.

మగవారి గడియారం పాలవాడి లాంటిది, రోజూ కొత్త సరుకు. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, అక్కడి నుంచి బయటికి వచ్చే దారిలో పక్వం కావడానికి మరికొన్ని రోజులు పడతాయి. మొత్తం మీద మూడు నెలలు అనుకోవచ్చు. ఈరోజు ఇచ్చిన శాంపిల్‌లో కనిపించేది మూడు నెలల కిందటి మనిషి ఎలా బతికాడన్నది. వానాకాలంలో డెంగీ వచ్చి వారం రోజులు ఒళ్లు కాలిపోయినవాడు దసరాలో పరీక్ష చేయించుకుంటే కౌంట్ బాగా పడిపోయి కనిపించవచ్చు. జ్వరం వచ్చిన సంగతి అతను మర్చిపోయి ఉంటాడు, డాక్టరు అడిగి ఉండరు. సంక్రాంతి దాటాక చేస్తే అదే మనిషికి మామూలు రిపోర్టు రావచ్చు.

ఆడవారి గడియారం బ్యాంకు డిపాజిట్ లాంటిది. పుట్టినప్పుడే అండాశయాల్లో పది ఇరవై లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు దిగుతాయి. వాటిలో జీవితమంతా కలిపి విడుదలయ్యేవి 400 దాకా. మిగిలినవి వాటంతటవే కరిగిపోతాయి. కొత్తగా జమ అయ్యేది ఏమీ లేదు. 35 దాటాక ఈ తరుగుదల వేగం అందుకుంటుంది. సంఖ్యతో పాటు నాణ్యత కూడా తగ్గుతుంది. ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష ఎన్ని మిగిలాయో ఒక అంచనా ఇస్తుంది గానీ అవి ఎలాంటివో చెప్పదు. అయితే విడుదలకు ముందు అండం పెరిగే చివరి దశ కూడా ఇంచుమించు మూడు నెలలే. కాబట్టి ఆ మూడు నెలల తిండి, నిద్ర, బరువు, పొగ ఆమె వైపు కూడా లెక్కలోకి వస్తాయి. తేడా ఒక్కటే. అతను అలవాటు మార్చుకుంటే కొత్త సరుకు వస్తుంది. ఆమె అలవాటు మార్చుకుంటే ఉన్న సరుకు మెరుగ్గా పనిచేస్తుంది, పోయిన ఏళ్లు తిరిగి రావు.

ఇక అతని పరీక్ష. అంత భయపడాల్సింది ఏముందో చూద్దాం. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి వెళ్లాలి. ల్యాబ్‌లో చిన్న గది, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. ఆ గదిలో ఇబ్బందిగా అనిపిస్తే ఇంట్లోనే తీసుకుని గంటలోపు ల్యాబ్‌లో ఇవ్వచ్చు. చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. గాజువాకలో బయల్దేరి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ శాంపిల్ ఎందుకూ పనికిరాదు, కాబట్టి ఇంటికి దగ్గరి ల్యాబే మేలు. చిక్కగా ఉన్న ద్రవం అరగంటలో పలచబడుతుంది. అప్పుడు గళ్లు గీసిన గాజు పలక మీద చుక్క వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు.

రిపోర్టు చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి 42 శాతం, ఆకారం సరిగ్గా ఉన్నవి 4 శాతం. ఈ చివరి అంకె చూసి గుండె జారిపోయేవాళ్లు చాలామంది. "నూటికి తొంభై ఆరు చెడ్డవట" అని రాత్రంతా నిద్రపోరు. నాలుగు శాతం ఉంటే చాలన్నది అందరికీ వర్తించే కొలత, అది వైఫల్యం కాదు. పైగా ఈ హద్దులు ఎలా గీశారో తెలిస్తే భయం ఇంకొంచెం తగ్గుతుంది. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవారి రిపోర్టులు తీసుకుని, వారిలో అట్టడుగు ఐదు శాతం దగ్గర గీత గీశారు. అంటే గీత కింద ఉన్నవాళ్లలో కూడా తండ్రులైనవాళ్లు ఉన్నారు. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు, కనీసం రెండు కావాలి.

వృషణాలు ఒంటి బయట ఎందుకు వేలాడుతున్నాయో చాలామంది ఆలోచించరు. వీర్యకణాలు తయారవడానికి ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉండాలి. అందుకే ఆ ఏర్పాటు. ఎండాకాలం విశాఖ ఉక్కపోత మాటెలా ఉన్నా, అసలు చూడాల్సింది పనిచేసే చోట వేడిని. కొలిమి ముందు నిలబడేవారు, వెల్డర్లు, బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేవారు, హోటల్లో దోసెల పెనం ముందు ఎనిమిది గంటలు ఉండే మాస్టర్లు, పోర్టు నుంచి రాయపూర్ దాకా లారీ ఇంజన్ సెగలో కూర్చునే డ్రైవర్లు ఈ కోవలోకి వస్తారు. స్టీల్‌ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లటి పేర్లే పెట్టారు గానీ ఏ కొలిమి దగ్గరైనా సెగ సెగే. దీన్నిబట్టి అక్కడ పనిచేసేవాళ్లకు పిల్లలు పుట్టరని కాదు. ప్లాంటు ఉద్యోగుల కాలనీ ఉక్కునగరంలో స్కూళ్లు పిల్లలతో కళకళలాడిన రోజులు అందరికీ తెలుసు. అప్పటికే కౌంట్ అంచు మీద ఉన్నవాడిని ఈ వేడి గీత కిందికి నెట్టవచ్చు, అంతవరకే. పని మార్చుకోమని చెప్పడం తేలిక. ప్రయత్నం చేస్తున్న ఆర్నెల్లు వేడి తక్కువ ఉన్న సెక్షన్‌లో డ్యూటీ అడగడం, వదులు కాటన్ దుస్తులు, మధ్యలో లేచి తిరగడం, ల్యాప్‌టాప్‌ను ఒళ్లో కాకుండా బల్ల మీద పెట్టుకోవడం కుదిరే పనులు.

వేడి గురించి మాట్లాడుతున్నప్పుడే వేరికోసీల్ ప్రస్తావన రావాలి. కాళ్లలో సిరలు ఉబ్బినట్టే వృషణాల దగ్గర, ఎక్కువగా ఎడమవైపు, సిరలు ఉబ్బి రక్తం నిలిచిపోతుంది. దాంతో అక్కడ వేడి పెరుగుతుంది. మామూలు మగవారిలో నూటికి 15 మందిలో ఇది ఉంటుంది. సంతానం కోసం వచ్చే మగవారిలో నూటికి 35, 40 మందిలో కనిపిస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు, కాబట్టి ఉన్నట్టే తెలియదు. ఉత్తరాంధ్రలో బోదకాలు ఎక్కువగా చూసిన జనం దీన్ని వరిబీజం (వృషణం చుట్టూ నీరు చేరడం) అనుకుని సిగ్గుపడి దాచుకుంటారు. అది వేరు, ఇది వేరు. నిలబెట్టి చేత్తో పరీక్షిస్తే రెండు నిమిషాల్లో తెలిసే సంగతి ఇది. ఇది ఉండి, కౌంట్ కూడా తక్కువైతే ఆపరేషన్‌తో చాలామందిలో మెరుగవుతుంది.

బరువు విషయానికొస్తే ఇద్దరి గడియారాలూ ఒకే చోట కలుస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో సుమారు 36 శాతం, మగవాళ్లలో 31 శాతం అధిక బరువు ఉన్నట్టు తేలింది. దేశ సగటు కన్నా ఇది బాగా ఎక్కువ. అందులోనూ మన ఒంటి తీరు వేరు. పాశ్చాత్యుల కన్నా తక్కువ బరువులోనే మనకు పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. అందుకే దక్షిణాసియా వారికి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త పడాలంటారు. తూకం కన్నా టేపు నిజం చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషిని "ఒళ్లు లేదు, బాగానే ఉన్నాడు" అంటుంటారు. సరిగ్గా ఆ మనిషి గురించే ఈ మాట.

ఆ పొట్ట కొవ్వు ఊరికే కూర్చోదు. మగవారిలో అది మగ హార్మోను టెస్టోస్టెరాన్‌ను పట్టుకుని ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. దానికి షుగర్ తోడైతే నరాలు, రక్తనాళాలు దెబ్బతిని అంగస్తంభన సమస్యలు వస్తాయి. వీర్యకణాల లోపలి డీఎన్‌ఏ కూడా చితుకుతుంది. ముప్పై ఏళ్లకే షుగర్ వచ్చి, అది ఉన్నట్టే తెలియని మగవారికి ఆ సంగతి సంతానం పరీక్షల్లో బయటపడటం అరుదేమీ కాదు.

ఆడవారిలో ఇదే కథ పీసీఓడీ పేరుతో నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానవయసులో ఉన్న ఆడవారిలో 8 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుంది, వారిలో ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదు. జనం దీన్ని 'నీటి బుడగలు' అంటారు. ఆ పేరే భయపెడుతుంది. ఆపరేషన్ చేసి బుడగలు తీసేయాలేమో అనుకుంటారు. స్కానింగులో కనిపించేవి గడ్డలు కావు, సగంలో పెరగడం ఆగిపోయిన అండాల సంచులు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో ఒంట్లో ఇన్సులిన్ పెరిగి, అది అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది. అండం పక్వమై బయటికి రాదు. నెలసరి నెలన్నరకో, మూడు నెలలకో వస్తుంది. తెలుగులో 'నెల తప్పింది' అంటే శుభవార్త. ఈ అమ్మాయికి ఆ మాట ప్రతి రెండు నెలలకూ ఆశ పుట్టించి, వారం తర్వాత ఏడిపిస్తుంది.

ఇక్కడ జీవనశైలి మార్పుకు నిజంగా బలం ఉంది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో అండం మళ్లీ విడుదలవుతుంది. 70 కిలోల ఆమె అంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. పాతికేళ్లనాటి ఫోటోలోలా సన్నబడాల్సిన పని లేదు. అప్పటికీ అండం రాకపోతే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఉన్నాయి. నేరుగా ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) దాకా పరుగెత్తక్కర్లేదు. మరీ సన్నగా ఉండి, తిండి బాగా తగ్గించి, అతిగా వ్యాయామం చేసేవారిలో కూడా మెదడు నెలసరిని ఆపేస్తుందని మర్చిపోకూడదు.

ఏం తినాలన్న ప్రశ్నకు ఇంటర్నెట్‌లో విదేశీ జాబితాలు చాలా దొరుకుతాయి. విశాఖ పళ్లెంలోనే సమస్య, జవాబు రెండూ ఉన్నాయి. పొద్దున పూరీ, మధ్యాహ్నం పళ్లెం నిండా తెల్లన్నం, సాయంత్రం బీచ్‌లో బజ్జీలు, డ్యూటీ దిగి రాత్రి పదకొండింటికి బిర్యానీ, మధ్యలో చక్కెర వేసిన టీలు నాలుగు. అన్నం సగానికి తగ్గి, ఆ జాగాలోకి పప్పు, ఆకుకూర, చేప వస్తే చాలావరకు దారిలో పడ్డట్టే. కానాగంతలు, కవ్వళ్లు లాంటి చిన్న చేపల్లో మంచి కొవ్వులు ఉంటాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. సొర చేప సంగతి వేరు. బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు పెట్టడం ఇక్కడి అలవాటు. కానీ పెద్ద చేప కావడంతో సొరలో పాదరసం పేరుకుంటుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భిణులు సొర తినకపోవడమే మంచిది. చోడి (రాగి) అంబలి మంచిదే. అయితే షుగర్ ఉన్నవారు చోళ్లు కదా అని రెండు చెంబులు తాగితే లాభం లేదు, అందులోనూ పిండిపదార్థమే ఉంది.

బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్లకు వదిలేస్తారు. అంత మంచి ఏర్పాటు మరో ఊళ్లో దొరకడం కష్టం. అక్కడ నడుస్తూ కనిపించేవాళ్లలో ఎక్కువమంది మాత్రం యాభై దాటినవాళ్లు. నడక అవసరమైన ముప్పై ఏళ్లవాళ్లు అప్పుడే సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి ఇంటికి పోతుంటారు.

ఆ ముప్పై ఏళ్లవాళ్లలో కొందరు జిమ్‌కి వెళ్తారు. కొందరు అక్కడే నిండా మునుగుతారు. ఆరు నెలల్లో ఛాతీ, కండలు రావాలని ట్రైనరు చెప్పిన ఇంజక్షన్ తీసుకుంటారు. అందులో ఉండేది చాలాసార్లు టెస్టోస్టెరాన్, లేదా దాని బంధువు. బయటి నుంచి హార్మోను వస్తుంటే మెదడు "మన దగ్గర సరిపడా ఉంది" అనుకుని వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది. ఫ్యాక్టరీ మూతపడుతుంది. చూడటానికి మగతనం ఉట్టిపడే మనిషి రిపోర్టులో వీర్యకణాలు సున్నా అని వస్తుంది. ఆపేశాక తిరిగి మొదలవడానికి ఆర్నెల్లు, ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కొందరిలో పూర్తిగా కోలుకోదు. నీరసంగా ఉందని టెస్టోస్టెరాన్ రాయించుకునే మగవారికీ ఇదే వర్తిస్తుంది. పిల్లలు కావాలనుకుంటున్నామని ముందే చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు. జీవనశైలి కారణాలన్నిటిలో పూర్తిగా చేజేతులా తెచ్చుకునేది ఇదొక్కటే.

పొగాకు గురించి కొత్తగా చెప్పేది తక్కువ. విశాఖ, శ్రీకాకుళం తీరపల్లెల్లో ఆడవాళ్లు చుట్టను తిరగేసి, వెలిగే కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఒకప్పుడు మామూలు దృశ్యం. ఇప్పటికీ పెద్దవయసు వాళ్లలో కనిపిస్తుంది. నోటి క్యాన్సర్ కోసమే దాని పేరు చెప్పుకుంటారు గానీ పొగ అండాశయాలనూ వదలదు. పొగతాగే ఆడవారికి నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం ఒకటి నుంచి నాలుగేళ్లు ముందే జరుగుతుంది. ఇంట్లో ఇంకొకరు కాల్చే పొగ కూడా మంచి చేయదు. మగవారిలో కౌంట్, కదలిక రెండూ తగ్గుతాయి. సిగరెట్టు మానేసి ఖైనీకి మారితే తప్పించుకున్నట్టు కాదు. మద్యం విషయంలో అప్పుడప్పుడు తాగేవాడికీ, రోజూ క్వార్టర్ లేనిదే నిద్రపట్టనివాడికీ చాలా తేడా ఉంది. రెండోవాడిలో టెస్టోస్టెరాన్ పడిపోతుంది, కాలేయంతో పాటు కాపురమూ దెబ్బతింటుంది.

ఈ ఊరికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. దాన్ని ఏ రక్తపరీక్షా పట్టుకోదు. తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడే. వ్యాపార నౌకల మీద ఆరేసి నెలలు తిరిగేవాళ్లు వీధికొకరు ఉంటారు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, పరవాడ ఫార్మాలో మూడు షిఫ్టులు. ఇక హైదరాబాద్‌లో ఒకరు, విశాఖలో ఒకరు ఉద్యోగం చేసే జంటలకు శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్సే కాపురం. కొత్త కోడలిని ఆషాఢంలో పుట్టింటికి పంపితే ఆ దూరం ఒక్క నెలే. ఈ ఉద్యోగాలు ఏడాది పొడుగునా ఆషాఢాన్నే తెచ్చాయి.

ఒక నెలసరి చక్రంలో గర్భం రావడానికి వీలున్న రోజులు ఆరు: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. అండం ఆయుష్షు ఒక్క రోజు. 28 రోజుల చక్రంలో అండం ఇంచుమించు 14వ రోజున విడుదలవుతుంది. నెలకోసారి రెండు రోజులు ఇంటికొచ్చే భర్త ఆ ఆరు రోజుల్లో రావడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. "రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాం" అని చెప్పే ఇలాంటి జంట నిజంగా ప్రయత్నించిన నెలలు లెక్కేస్తే నాలుగైదు కూడా ఉండకపోవచ్చు. వాళ్లకు కావాల్సింది ఇంజక్షన్లు కాకపోవచ్చు. క్యాలెండరు, అండం విడుదలయ్యే రోజును తెలిపే మెడికల్ షాపు కిట్, సెలవు మంజూరు చేసే ఆఫీసరు చాలు. ఎక్కువ రోజులు ఓడ మీద ఉండేవారు వీర్యాన్ని ఫ్రీజ్ చేసి పెట్టుకోవచ్చు. క్యాన్సర్ చికిత్స మొదలయ్యే కుర్రవాళ్లకు కూడా ఇదే సలహా ఇస్తారు, కీమో మొదటి డోసుకు ముందే.

షిఫ్టుల వల్ల పోయేది రోజులే కాదు, నిద్ర కూడా. వారానికోసారి పగలు రాత్రి మారిపోతే హార్మోన్ల లయ తప్పుతుంది, ఆకలి పెరుగుతుంది, బరువు చేరుతుంది. షిఫ్టు డ్యూటీ చేసే నర్సులలో నెలసరి క్రమం తప్పడం ఎక్కువని తెలిసిందే. ఇలాంటిదాన్ని 'జీవనశైలి' అనడం ఎంతవరకు న్యాయమో ఆలోచించాలి. ఎంచుకున్నదైతే శైలి అనొచ్చు. రోస్టరు ఇచ్చినదాన్ని ఏమంటారు?

జీవనశైలితో ఏ సంబంధమూ లేని కారణాల జాబితా కూడా చిన్నదేమీ కాదు. అండవాహికలు మూసుకుపోవడం అందులో ముఖ్యమైనది. మన దేశంలో దాని వెనక తరచూ క్షయ ఉంటుంది. దగ్గు లేకుండా, జ్వరం తెలియకుండా గర్భసంచిలో, గొట్టాల్లో టీబీ దాక్కుంటుంది. సరిగా చేయని అబార్షన్ల తర్వాత వచ్చిన ఇన్ఫెక్షన్లు, చికిత్స చేయించని సుఖవ్యాధులు కూడా అదే పని చేస్తాయి. నెలసరిలో మెలితిప్పే నొప్పిని "అందరికీ ఉండేదే" అని కొట్టిపారేస్తే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఏళ్ల తరబడి బయటపడదు. థైరాయిడ్ తేడా ఉంటుంది, ఒక మాత్రతో దారికొస్తుంది. మగవారిలో యుక్తవయసు దాటాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాయడం, పుట్టుకతో వచ్చిన జన్యులోపం, వీర్యం వచ్చే దారిలో అడ్డు లాంటివి ఉంటాయి. వీళ్లకు "బరువు తగ్గండి, వాకింగ్ చేయండి, మూడు నెలలాగి రండి" అని చెప్పడం కాలయాపన. మూసుకుపోయిన గొట్టాన్ని ఏ చోడి అంబలీ తెరవలేదు.

"టెన్షన్ పడకు, అదే వస్తుంది" అన్నది చుట్టాలు ఉచితంగా ఇచ్చే మందు. విపరీతమైన ఒత్తిడిలో నెలసరి తప్పడం, కోరిక తగ్గడం నిజమే. మామూలు ఆందోళన ఒక్కటే గర్భాన్ని ఆపేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ప్రతి నెలా నిరాశ, ప్రతి పేరంటంలో ప్రశ్న, డాక్టరు చెప్పిన తేదీన యాంత్రికంగా కలవడం, వీటన్నిటి మధ్య టెన్షన్ పడొద్దంటే ఎలా? చాలాసార్లు పిల్లలు లేకపోవడం వల్ల టెన్షన్ వస్తుంది, టెన్షన్ వల్ల పిల్లలు లేకపోవడం కాదు. ఆ మాట అన్నప్పుడల్లా తప్పు మళ్లీ ఆమె మీదికే పోతుంది.

డబ్బాల్లో అమ్మే పొడులు, మాత్రల సంగతి కూడా చెప్పుకోవాలి. మగవారికి జింక్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఫలితం ఉంటుందా అని అమెరికాలో 2,370 జంటల మీద పెద్ద పరీక్ష చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. మాత్ర వేసుకున్నవారిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో పిల్లలు పుట్టిన శాతం ఇంచుమించు ఒకటే. ఆడవారి ఫోలిక్ యాసిడ్ విషయం వేరు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. అది గర్భం రావడానికి కాదు, వచ్చే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడటానికి. రెండు వేలు పోసి పొడి డబ్బా కొనే ఇంట్లో ఆ చవక మాత్ర ఉండకపోవడం విచిత్రం.

ఎప్పుడు వెళ్లాలన్నది వయసుని బట్టి. ఆమెకు 35 లోపైతే ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి సరిగా రాకపోయినా, గతంలో టీబీ వచ్చినా, అతనికి చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగకపోయినా ఆ గడువు కూడా ఆగక్కర్లేదు. మొదటి పరీక్షలకు పెద్ద సంతాన సాఫల్య కేంద్రమే కావాలని లేదు. 1923 నుంచి ఉన్న కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), పాతనగరంలో ఘోషా ఆసుపత్రి ఉండనే ఉన్నాయి. ఐవీఎఫ్ దాకా వెళ్లాల్సి వస్తే 2021 నాటి సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) చట్టం ప్రకారం ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సర్టిఫికెట్ చూపించమని అడిగే హక్కు ఉంది. ఆమె వయసు 50, అతని వయసు 55 దాటితే చట్టం ఒప్పుకోదు. పొగ, ఊబకాయం ఉంటే ఐవీఎఫ్ ఫలితం కూడా తగ్గుతుంది కాబట్టి అక్కడికెళ్లినా అలవాట్ల మాట తప్పదు.

ఇద్దరి పరీక్షలూ ఒకే వారంలో మొదలుపెడితే ఏడాది పట్టే పని నెలలో తేలుతుంది. ఇరవై ఎనిమిదేళ్ల జంటకు అతని కౌంట్ తక్కువని తేలితే మూడు నెలలు ఆగి మళ్లీ చూడొచ్చు. ముప్పై ఏడేళ్ల ఆమెకు ఆ తీరిక లేదు. అతను అలవాట్లు మార్చుకుంటూ ఉండగానే ఆమె చికిత్స నడవాలి. ఆ మూడు నెలలు ఎంతో తెలియాలంటే విశాఖ క్యాలెండరు చాలు. ఉగాది నాడు మానేసిన సిగరెట్టు, ఆపేసిన ఇంజక్షన్, మొదలుపెట్టిన నడక. రెండో శాంపిల్ ఇవ్వాల్సిన వేళకు ఆషాఢ పౌర్ణమి దగ్గర పడి, సింహాచలం గిరిప్రదక్షిణకు ఏర్పాట్లు జరుగుతుంటాయి. ముప్పై రెండు కిలోమీటర్లు. మూడు నెలలు నడిచిన కాళ్లకు అదేమంత దూరం కాదు.